ఒకరికి గారు, ఒకరికి గా

నా పేరు గాలయ్య. మేడ్చల్‌లో ఒక ఠాణా ఎదురుగా టార్పాలిన్ కట్టుకుని అర్జీలు రాస్తాను. ఏ ఠాణా అని అడగొద్దు, ఠాణా పేరు చెప్పినవాడికి ఠికానా ఉండదు. పేరులోనే గాలి ఉండటం వల్ల నోరు మూసి కూర్చోవడం నాకు చేతకాదు. పింఛను కోసం వచ్చిన అవ్వతో, "పింఛను కావాలంటే ముందు నెత్తికి పింఛం కట్టుకోవాలె అవ్వా, నెమలి లెక్క ఆడితే గాని ఆఫీసోళ్లు కన్నెత్తి చూడరు" అంటాను. అవ్వ బోసినోటితో నవ్వుతుంది. ఏడుస్తూ వచ్చిన మనిషి నవ్వుతూ పోవాలని నా పట్టుదల. అర్జీ పని చేస్తుందో లేదో నాకు తెలియదు, నవ్వు మాత్రం అక్కడికక్కడే పని చేస్తుంది.

ఠాణా గోడ మీద నీలం అక్షరాలతో "చట్టం ముందు అందరూ సమానం" అని రాసి ఉంటుంది. వచ్చిన ప్రతి ఒక్కరికీ దాన్ని చూపించి, "పెయింటరు ఒక్క అక్షరం మింగిండు. అది సన్మానం. అందరికీ కాదు, కొందరికి" అనేవాణ్ణి. పోలీసులు కూడా నవ్వేవారు. హెడ్ కానిస్టేబుల్ లింగం సారైతే కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్లను నా దగ్గరికి తీసుకొచ్చి మరీ ఆ మాట చెప్పించుకునేవాడు. నా దస్తూరి బాగుంటుందని ఠాణాలో ఫిర్యాదులు కూడా నా చేతే రాయించేవాడు.

అలా తొంభై ఏడు మే నెలలో, ఎండ నెత్తిన నిలబడ్డ ఒక మధ్యాహ్నం, పర్వతాలు చావు నా చేతికి వచ్చింది.

పర్వతాలుది అత్వెల్లి. పేరు బహువచనం, మనిషి మాత్రం చిన్న ఏకవచనం, ఎముకల మీద తోలు. ఆ పేరులో తప్ప అతనికి జన్మలో ఎక్కడా బహువచనం దక్కలేదు. "రా, పో, ఎత్తు, దించు" అన్నవాళ్లే అందరూ. అతనూ, భార్య దుర్గాబాయీ కొత్తగా చేస్తున్న ప్లాట్ల చుట్టూ రాతి కడీలు పాతే పనికి పోయేవాళ్లు. ఆ రోజు శామీర్‌పేట దారిలో పని. పని మధ్యలో దూపైతే ఇద్దరూ రోడ్డు ఇవతల ఉన్న చలివేంద్రానికి వచ్చారు. ఆ చలివేంద్రం భాస్కర్ పటేలు పెట్టించింది. పైన బ్యానరు మీద పటేలు రెండు చేతులూ జోడించి ఉంటాడు, కింద కుండలో సల్ల ఉంటుంది. మజ్జిగను మా దిక్కు సల్ల అంటాం, రాతలో చల్ల అని రాస్తాం. చెరి రెండు గ్లాసులు తాగారు. రోడ్డు అవతల మరిచిపోయిన గడ్డపార తెస్తానని పర్వతాలు లేచాడు. జీపు వచ్చింది. నడుపుతున్నది పటేలు కొడుకు అన్వేష్.

ఒకే రోడ్డు మీద తండ్రి దాహం తీర్చాడు, కొడుకు ప్రాణం తీశాడు. ఈ మాట అప్పుడే తట్టింది నాకు. లింగం సారుకు చెప్పి నవ్వించబోయి ఎందుకో ఆగాను. ఆ ఒక్కసారి ఆగినందుకు ఈరోజుకీ నన్ను నేను మెచ్చుకోవాలని చూస్తాను, కానీ తర్వాత జరిగింది అడ్డమొస్తుంది.

నేను ఠాణాలోకి వెళ్లేసరికి చిన్న పటేలు లోపలి గదిలో ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు. ఆ గది నుంచి వరండా దాకా ఒకటే వాసన. అది సల్ల వాసన కాదు. దుర్గాబాయి వరండాలో గోడకు ఆనుకుని నేల మీద ఉంది. పర్వతాలు రుమాలును రెండు చేతులతో పిండుతోంది, అందులో నీళ్లున్నట్టు.

"చెప్పమ్మా, గాలయ్య రాస్తడు" అన్నాడు లింగం సారు.

"ఇద్దరం సల్ల తాగినం సారూ. సల్ల తాగి, గడ్డపార తెస్తనని రోడ్డు దాటిండు. జీపు మస్తు జోరుగొచ్చి గుద్దింది. ఆగనన్న ఆగలే. గంత దూరం పోయినంక ఆగింది."

నేను రాశాను. "నా భర్త పర్వతాలు అనువాడు చల్ల తాగి రోడ్డు దాటుచుండగా, శ్రీ అన్వేష్ గారు నడుపుచున్న జీపు తగిలినది."

చూడండి ఆ వాక్యం ఎలా ఉందో. చచ్చిపోయినవాడు అనువాడు. చంపినవాడు శ్రీ, ఆపైన గారు. జీపు తగిలినదట, దారిలో చుట్టం తగిలినట్టు. ఇలా రాయమని నాకు ఎవరూ చెప్పలేదు. ఇరవై ఏళ్లుగా చెయ్యి అలా నడిచింది, ఆ రోజూ నడిచింది. గోడ మీద సమానం అని ఎంత పెద్దగా రాసినా, కాగితం మీదికొచ్చేసరికి మా కలాలకు ఎవరికి ఏ విభక్తి పెట్టాలో పుట్టుకతోనే తెలుసు.

లింగం సారు కాగితం తీసుకుని చదివాడు. "చల్ల తాగి" దగ్గర ఆగాడు. "చల్ల ఏందయ్యా, పెండ్లి భోజనమా ఇది" అన్నాడు.

అక్కడ నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది.

"ఎండకాలం గద సారూ. పెద్దోళ్లయితే చల్లగా తాగుతరు. పేదోనికి గా ఎక్కడిది, ఒట్టి చల్లనే" అన్నాను.

లింగం సారు పడీ పడీ నవ్వాడు. చేతిలో చాయ్ సాసర్లోకి ఒలికింది. "గదే, గదే మంచిగున్నది గాలయ్యా" అన్నాడు. లోపలి గదిలో కూడా ఎవరో నవ్వారు. ఆ నవ్వు వినగానే నా చెయ్యి ఊరుకోలేదు. "చల్ల"కూ "తాగి"కీ నడుమ కింద చిన్న గుర్తు పెట్టి, పైన "గా" ఇరికించాను. చల్లగా తాగి. సారుకు చూపించాను. మళ్లీ నవ్వాడు. తర్వాత కొట్టేద్దాం అనుకున్నానా? అనుకున్నాననే ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. ఈలోగా ఫోన్ మోగింది, సారు కాగితాన్ని దుర్గాబాయి ముందు పెట్టాడు, ఆమె వేలు పట్టి సిరాలో అద్దాడు. మేం దేనికి నవ్వామో ఆమెకు తెలియదు. తన పని తొందరగా అవుతున్నందుకు నా వైపు చూసి దండం పెట్టింది.

నాకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. లంచం పుచ్చుకుని ఉంటే తిరిగి ఇచ్చేసేవాణ్ణేమో. నేను పుచ్చుకున్నది ఒక నవ్వు. నవ్వును ఎక్కడికి తీసుకుపోయి తిరిగి ఇవ్వాలి?

చల్లగా తాగడం అంటే మా దగ్గర చిన్నపిల్లవాడికి కూడా తెలుసు, ఐసు గడ్డల మధ్య నుంచి తీసిన బీరు. వారం తిరక్కముందే మేడ్చల్ బస్టాండు నుంచి శామీర్‌పేట చెరువు కట్ట దాకా ఒకే మాట, పర్వతాలు తాగి జీపు కింద పడ్డాడని. చిన్న పటేలును పరీక్షకు దవాఖానకు పంపింది మర్నాడు సాయంత్రం, అప్పటికి వాసన గాలికి పోయింది. జీపులో సీసా దొరకలేదు. శవపరీక్షలో తీసి ల్యాబుకు పంపిన రక్తం సీసా కూడా దారిలో ఎక్కడో పోయింది, అదీ దొరకలేదు. ఇద్దరికీ సమానంగా జరిగింది ఇదొక్కటే. చలివేంద్రం కుండలు మూడో రోజే ఎత్తేశారు.

ఆ తర్వాత "గా" నన్ను పట్టుకుంది.

మొదట కలంలోకి వచ్చింది. బర్రె లోను కోసం ఒకతనికి అర్జీ రాసిచ్చాను. మండలాఫీసు గుమాస్తా దాన్ని పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు. "గాలయ్యా, నేను బర్రెగా లోను కోరుచున్నాను అని ఉన్నది. బర్రెకు సంతకం వచ్చా?" అన్నాడు. అందరూ నవ్వారు, నా కొత్త జోకు అనుకున్నారు. నేను ఆ "గా" రాసిన గుర్తు లేదు. ఇంకో అర్జీలో "నా ఇల్లుగా కూలిపోయినది" అని ఉంది. ఇంకోదాంట్లో "నేను విధవరాలుగా" దగ్గర ఆగి, మిగతా వాక్యం ఏం రాయాలో తోచక కాగితం చింపేశాను. రాసిన ప్రతిదీ రెండుసార్లు చదివేవాణ్ణి. చదివినప్పుడు ఉండేది కాదు. ఇచ్చాక ఉండేది.

తర్వాత చెవిలోకి వచ్చింది. మా భాషలో గా లేకుండా రోజు గడవదు కదా. గాడ, గట్ల, గప్పుడు. అన్నిటికన్నా గాయన. చాయ్ హోటల్లో ఎవరో ఎవరి గురించో అడిగేవాడు, "గాయన వచ్చిండా?" అని. "గాయన గాడనే నిలబడ్డడు" అని ఇంకొకరు. నా మెడ దానంతటది వెనక్కి తిరిగేది. మూడోసారో నాలుగోసారో తిరిగినప్పుడు నిజంగానే నిలబడి ఉన్నాడు, పర్వతాలు.

పట్టపగలు పన్నెండు గంటలప్పుడు. నా టార్పాలిన్ నీడ ఎక్కడ ఆగిపోతుందో సరిగ్గా అక్కడ, ఎండలో. చేతిలో స్టీలు గ్లాసు. కోపం లేదు, ఏమీ లేదు. వరసలో ముందున్నవాడు తప్పుకుంటే తన గ్లాసు నింపుతారని చూసేవాడిలా, కొంచెం వంగి నిలబడ్డాడు. నేను లేచేసరికి లేడు. మర్నాడు అదే వేళకు మళ్లీ ఉన్నాడు. నాతో ఎన్నడూ మాట్లాడలేదు. మాట్లాడితే బాగుండేది, నేను మాటకు మాట అనగలిగినవాణ్ణి. గ్లాసు పట్టుకుని ఊరికే నిలబడ్డవాడితో ఏమనాలి?

ఇంట్లో నా భార్య మనోరమ అన్నంలో సల్ల పోయబోతే చెయ్యి అడ్డం పెట్టేవాణ్ణి. "ఏందయ్యా నీ పరేషాన్, సల్ల తాగితే ఏమైతది?" అంది ఒకసారి. పళ్లెం ముందునుంచి లేచిపోయాను. అప్పటినుంచి మా ఇంట్లో సల్ల బంద్.

కేసు నాలుగేళ్లు నడిచీ నడవక నడిచింది. రెండువేల ఒకటిలో, ఫిర్యాదు రాసిన మనిషివి కాబట్టి సాక్ష్యం చెప్పాలని నాకు కాగితం వచ్చింది. జీవితమంతా సమానం గురించి జోకులేసినందుకు సమానం రాలేదు గానీ సమను వచ్చింది.

అది వచ్చిన మూడో రోజు దుర్గాబాయి కూతురు బిందును వెంటబెట్టుకుని నా టార్పాలిన్ కిందికి వచ్చింది. బిందు అప్పటికి తొమ్మిదో తరగతి. చేతిలో ఫిర్యాదు నకలు ఉంది, లాయరు ఇచ్చాడట.

"అన్నా, బిడ్డ సదివింది. గిండ్ల సల్లగా తాగి అని ఉన్నదంట. నేను సల్ల అన్న. నువ్వు గదే రాసినవ్ గద?"

నేను తల ఊపాను. అబద్ధం కాదు, మొదట అదే రాశాను.

"నాకెర్కనే. నువ్వు మంచిగనే రాసినవ్. ఠాణోళ్లే ఎన్కనుంచి మార్చిన్రు. కోర్టుకొచ్చి గదొక్కటి చెప్పన్నా. నువ్వు చదువుకున్నోనివి, నీ మాట ఇంటరు."

"నీకేం గావాలె చెల్లె, అసలు?" అని అడిగాను. ఏదైనా పెద్దది అడుగుతుందేమో, నా వల్ల కాదని తప్పించుకోవచ్చని.

"ఏం గావాలె నాకు. తాగి సచ్చిండని ఊరంత అంటాంది. బిడ్డను బడిల గూడ అంటాన్రు. గాయన తాగలేదని జడ్జి సారు నోట రావాలె. గంతే."

"బాపు పండుగనాడు గూడ తాగకపోయేది, మామా" అంది బిందు. కాగితంలో ఆ "గా" మీద వేలు పెట్టి ఉంది. నకలులో కూడా అది వరస తప్పి పైన వేలాడుతోంది. "దస్తూరి ఒక్క తీరే ఉన్నది గద, మామా" అంది నెమ్మదిగా. తల్లికి వినపడలేదు. నాకు వినపడింది.

భాస్కర్ పటేలు కూడా వచ్చాడు, వాయిదాకు రెండు రోజుల ముందు. నా టార్పాలిన్ తాడు కట్టి ఉన్నది ఆయన ప్రహరీ గోడకే. "గాలయ్యా, మంచిగున్నవా" అంటూ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "నీ మాటలంటే మావోనికి పానం. కోర్టుల గూడ ఏదన్న ఒకటి ఎయ్యి. అందరం నవ్వుకుంట ఇంటికి పోదం." లేస్తూ లేస్తూ తాడును రెండు వేళ్లతో మీటి చూశాడు, గట్టిగానే ఉందా అన్నట్టు. "జర లూజుగున్నది, సూస్కో" అన్నాడు.

ఆ రెండు రోజులూ లెక్క వేస్తూనే ఉన్నాను. దుర్గాబాయి అడిగినట్టు చెబితే లింగం సారు మీదికి పోతుంది, ఆయన బదిలీ అయి ఎక్కడో ఉన్నాడు, నేను మంచివాణ్ణిగా మిగులుతాను. పటేలు అడిగినట్టు చెబితే తాడు మిగులుతుంది. రెండింట్లోనూ నేనే మిగులుతున్నాను. పర్వతాలు ఎందులోనూ మిగలడం లేదు.

బోనెక్కాను. ప్రమాణం చేయించారు. సర్కారు లాయరు అడిగితే, ఆమె చెప్పింది చల్ల అనే అని చెప్పాను. పటేలు లాయరు లేచాడు.

"గాలయ్య గారూ, మీరు మాటలు తిప్పి నవ్విస్తారట గదా, మేడ్చల్ మొత్తం చెప్పుకుంటరు."

"అవును సార్."

"బర్రెగా లోను అడిగించింది మీరేనా?"

కోర్టు నవ్వింది. నాలుగేళ్లలో ఆ నవ్వు నాకు మొదటిసారి వెనక నుంచి వినపడింది. నేను వేసిన జోకుకు కాదు, నా మీద. చిన్న పటేలు కూడా నవ్వుతున్నాడు. దుర్గాబాయి మాత్రం నవ్వులో ఎప్పుడు సందు దొరుకుతుందా, ఠాణావాళ్లే మార్చారని నేను ఎప్పుడు చెబుతానా అని నా నోటి వైపే చూస్తోంది.

"ఇప్పుడు చల్ల అంటున్నారు. చల్లగా అని మీ దస్తూరిలోనే ఉంది. ఇది కూడా జోకేనా?"

"అదే జోకు సార్" అన్నాను.

మెజిస్ట్రేటు సారు అప్పటిదాకా తల వంచుకుని ఏదో రాసుకుంటున్నాడు. తల ఎత్తాడు. ఫిర్యాదు అసలు కాగితం తెప్పించుకుని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

"ఈ గా పైన ఇరికించి ఉంది. ఎవరు పెట్టారు?"

"నేనే సార్."

"పోలీసులు పెట్టమన్నారా?"

నోటి దాకా వచ్చింది. మింగేశాను. "లేదు సార్. వాళ్లు నవ్విన్రు. నేను పెట్టిన."

"ఆమె చెప్పిందా అలాగని?"

"ఆమె సల్ల అన్నది. ఒకటికి రెండుసార్లు అన్నది."

"మరి ఎప్పుడు పెట్టారు?"

"నవ్వొచ్చినప్పుడు సార్."

ఎవరూ నవ్వలేదు. బోను దిగుతూ దుర్గాబాయి వైపు చూడక తప్పలేదు. ఆమె నా నోటి వైపు చూడటం మానేసింది. పక్కనున్న బిందు తల్లి చెయ్యి పట్టుకుని ఉంది. బిందుకు ముందే తెలుసు కాబట్టి తలెత్తి నన్ను చూడగలిగింది.

ఠాణా ముందుకు వచ్చేసరికి నా టార్పాలిన్ మడిచి, మేజా మీద పెట్టి, దాని మీద రాయి ఉంచి ఉంది. మర్యాదగానే తీసేశారు.

మూడు వారాలకు తీర్పు. ఆ పొద్దున మొదట పిలిచిన కేసు లారీ డ్రైవర్ రమేష్‌ది. అతనూ రోడ్డు మీద ఒక మనిషిని గుద్దాడు, అదే సెక్షను. ఏడాది జైలు. అతను అర్థం కాక అటూ ఇటూ చూస్తుంటే కానిస్టేబులు భుజం మీద చెయ్యి వేసి తీసుకుపోయాడు. రెండో కేసు మాది.

మెజిస్ట్రేటు సారు చదివాడు. మృతుడు మద్యం తాగి ఉన్నాడనడానికి ఆధారం లేదు. అతను తాగింది మజ్జిగ. తప్పు జీపు నడిపిన వ్యక్తిది. ఆ మాట రాగానే దుర్గాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సారు కాగితం తిప్పాడు. ముద్దాయి వయసు, చదువు, కుటుంబానికి ఉన్న మర్యాద, ఇదివరకు ఏ నేరమూ లేకపోవడం దృష్టిలో ఉంచుకుని, కొంత జుర్మానా, కోర్టు లేచేదాకా శిక్ష.

ఒకే చట్టం, ఒకే సెక్షను, ఒకే పొద్దు, ఒకే సారు. ఒకరికి ఏడాది. ఒకరికి సాయంత్రం ఐదు దాకా.

"ఏమన్నరే?" అని దుర్గాబాయి కూతుర్ని అడిగింది.

"బాపు తాగలేదన్నరు" అంది బిందు. కొంచెం ఆగి, "కోర్టు లేసేదాక ఆయన గాడ కూసోవాలెనంట" అంది.

అన్వేష్ వెనక బెంచీ మీద కూర్చున్నాడు. దుర్గాబాయి లేచి మెల్లగా నడిచి వెళ్లి, అదే బెంచీ మీద, అతనికి జానెడు దూరంలో కూర్చుంది. చెప్రాసి పరిగెత్తుకొచ్చి, "అమ్మా, లే, అది నీకు గాదు" అన్నాడు. మెజిస్ట్రేటు సారు ఒకసారి చూసి, తర్వాతి కేసు పిలవమన్నాడు. చెప్రాసి వెనక్కి పోయాడు.

పదకొండున్నర నుంచి ఐదు దాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. ఆమె అతణ్ణి చూడలేదు. అతను మాటిమాటికీ గడియారం చూసుకున్నాడు, మధ్యాహ్నం ఇంటి నుంచి వచ్చిన టిఫిన్ డబ్బా మూత తీసి మళ్లీ పెట్టేశాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. పన్నెండు గంటలకు ఆ జానెడు సందులో బెంచీ చెక్క కొంచెం కిందికి కుంగింది. అన్వేష్ ఎందుకో పక్కకు జరిగాడు. జరిగిన కొద్దీ సందు పెరిగింది, మనిషి పట్టేంత.

ఐదయింది. సారు లేచాడు, అందరూ లేచారు. అన్వేష్ అందరికన్నా ముందు బయటపడ్డాడు. జీపు తలుపు మూసుకున్న చప్పుడు వినపడింది. చెప్రాసి తాళం తీసుకుని వచ్చాడు.

"అమ్మా, కోర్టు లేసింది."

"కోర్టు లేస్తది సారూ" అంది దుర్గాబాయి. "నా మనిషి లేవలే."

చెప్రాసి తాళం పట్టుకుని నా వైపు చూశాడు, పెద్దమనిషివి ఏదో ఒకటి చెప్పమన్నట్టు. బిందు వెళ్లి, ఆ సందు అలాగే వదిలిపెట్టి, దానికి అవతల కూర్చుంది.